నల్లగొండ ఎండకు వింటర్ టైర్లా?
ఎస్‌యూవీ టైర్లపై అపోహలు – వాస్తవాలు

ఫార్చ్యూనర్లు, స్కార్పియోలు, థార్‌లు హైదరాబాద్ దాటి మండల కేంద్రాలకు చేరి చాలా కాలమైంది. పొద్దున మిర్యాలగూడ రైస్‌మిల్లు ముందు ఆగి ఉన్న బండి మధ్యాహ్నానికల్లా 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటుతోంది. జడ్చర్ల నుంచి 44వ నంబరు రహదారి ఎక్కితే బీచుపల్లి కృష్ణా వంతెన దాకా కాలు బ్రేకు మీదికి పోయే పనే పెద్దగా ఉండదు. అయితే ఇంజిన్ బలం, సన్‌రూఫ్, స్క్రీన్ సైజుల గురించి నెలల తరబడి ఆరా తీసేవాళ్లు కూడా టైర్ల దగ్గరికి వచ్చేసరికి దుకాణంలో చెప్పిందో, విదేశంలో ఉన్న బావమరిది చెప్పిందో నమ్మేస్తున్నారు. రెండు టన్నుల బండి రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత రబ్బరుతోనే. అందుకే టైర్ల గురించి మన దగ్గర గట్టిగా వినిపించే మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: చలికాలం వస్తే వింటర్ టైర్లు వేయించాలి. విదేశాల్లో అందరూ అదే చేస్తారు.

వాస్తవం: అక్కడ చేస్తారు, చేయక తప్పదు. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. జర్మనీలో రోడ్డు మీద మంచు పేరుకున్నా, నీళ్లు గడ్డకట్టినా ఆ టైర్లు లేకుండా బండి నడపకూడదు. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని గ్రిప్పు మీద ఉండే సన్నటి కోతలు మంచును పట్టుకుంటాయి.

మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో డిసెంబరు, జనవరి రాత్రులు సాధారణంగా 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. గట్టి చలి పెట్టిన రోజున 10 దగ్గరికి దిగినా, మధ్యాహ్నానికి మళ్లీ 28, 30కి చేరుతుంది. అదే మే నెలలో 45 దాటడం నల్లగొండకు కొత్త కాదు. అప్పుడు తారురోడ్డు వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఆ రోడ్డు మీద వింటర్ టైరు త్వరగా అరిగిపోతుంది. మలుపుల్లో బండి ఊగినట్టుంటుంది, బ్రేకు వేస్తే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఖరీదు పెట్టి ప్రమాదాన్ని కొనుక్కున్నట్టే. ఇక సూర్యాపేట, నకిరేకల్ దారిలో జనవరి తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచు తగ్గించేది చూపును, టైరు పట్టును కాదు. దానికి మందు వేగం తగ్గించడం, లైట్లు లో బీమ్‌లో పెట్టుకోవడం, వీలైతే ఎండ వచ్చాక బయలుదేరడం.

అపోహ: ఆల్ సీజన్ టైరు అంటే అన్ని కాలాలకూ పనికొస్తుంది.

వాస్తవం: ఆ పేరులోని సీజన్లను లెక్కపెట్టింది మన రోహిణి కార్తెను చూసి కాదు. ఎండ ఓ మోస్తరుగా, మంచు అప్పుడప్పుడు ఉండే దేశాల కోసం చేసిన రాజీ టైరు అది. టైరు పక్కన ఎం+ఎస్ అని ఉంటే మట్టికి, మంచుకు పనికొస్తుందని కంపెనీ తానే చెప్పుకున్నట్టు. ఆ గుర్తుకు పరీక్ష ఏమీ ఉండదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచురేకు బొమ్మ ఉంటేనే మంచు మీద పరీక్షలో నెగ్గినట్టు. ఈ రెండూ మనకు అక్కరలేనివే. కావాల్సింది వేడిని తట్టుకునే గుణం. చాలా టైర్ల మీద ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అనే మూడు అంచనాలు అచ్చువేసి ఉంటాయి. టెంపరేచర్ దగ్గర 'ఏ' ఉన్నదాన్ని ఎంచుకోండి. ఐఎస్ఐ ముద్ర ఎలాగూ తప్పనిసరి.

అపోహ: ఎండాకాలంలో గాలి వ్యాకోచించి టైరు పేలుతుంది. అందుకే నాలుగైదు పాయింట్లు తక్కువ కొట్టించాలి.

వాస్తవం: ఈ రెండు జిల్లాల్లో అన్నింటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. టైరును పేల్చేది ఎక్కువగా లోపల పుట్టే వేడి. గాలి తక్కువైతే తిరిగే ప్రతిసారీ టైరు పక్కగోడ బాగా వంగి లేస్తుంది. ఆ వంపుల్లో రాపిడి పుట్టి రబ్బరు, లోపలి పొరలు కాగుతాయి. మధ్యాహ్నం ఎండ, నిండా మనుషులు, వెనక సామాను, వంద దాకా వేగం కలిస్తే పొరలు విడిపోయి టైరు చీలిపోతుంది. గాలి తగ్గిస్తే ప్రమాదం పెరుగుతుందే తప్ప తగ్గదు.

లెక్క చూడండి. పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్‌ఐ గాలి ఉందనుకుందాం. హైవే మీద నడిచాక లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే రీడింగ్ దాదాపు 38 చూపిస్తుంది. కంపెనీ ఆ పెరుగుదలను ముందే లెక్కలో వేసుకునే 33 అని రాసింది. దారిలో బంకు దగ్గర ఆగి 'ఎక్కువైంది' అని 33కు దించితే, మర్నాడు పొద్దున టైరు చల్లారాక ఉండేది 29 లోపే. కాబట్టి బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, చల్లటి టైరులోనే గాలి చూపించుకోవాలి. ఎంత కొట్టించాలన్నది డ్రైవర్ తలుపు తెరిస్తే పిల్లర్ మీద కనిపించే స్టిక్కర్ చెబుతుంది. నిండు లోడుకు వేరే అంకె ఉంటే అదీ అక్కడే ఉంటుంది. టైరు పక్కన ఉండే మ్యాక్స్ ప్రెషర్ అంకె ఆ టైరు భరించగల హద్దు మాత్రమే.

అపోహ: నైట్రోజన్ కొట్టిస్తే వేడికి ప్రెషర్ పెరగదు.

వాస్తవం: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. వేడికి రెండూ ఇంచుమించు ఒకేలా వ్యాకోచిస్తాయి. నైట్రోజన్ కాస్త నెమ్మదిగా తగ్గుతుంది, లోపల తేమ ఉండదు. ఆ మేరకు మంచిదే కానీ, నెలకోసారి గాలి చూపించుకునే పని తప్పదు.

అపోహ: రింగు పెద్దదైతే, టైరు వెడల్పైతే బండికి పట్టు పెరుగుతుంది.

వాస్తవం: ఫార్చ్యూనర్‌కు వచ్చే 265/60 ఆర్18 టైరునే తీసుకోండి. వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 159 మిల్లీమీటర్లు. షోకు కోసం 20 అంగుళాల అల్లాయ్ వేయించి 265/50 టైరు తొడిగితే చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. పక్కగోడ మాత్రం 132కి పడిపోతుంది. గుంతలో పడినప్పుడు దెబ్బను మింగాల్సిన రబ్బరు అంత తగ్గాక, ఆ దెబ్బ రింగుకే తగులుతుంది. పక్కగోడ ఉబ్బి బుడగ కట్టడం, అల్లాయ్ పగలడం అక్కడే మొదలవుతాయి. వెడల్పు పెంచితే ఎండిన రోడ్డు మీద కొంత లాభం ఉండొచ్చు, నీళ్లు నిలిచిన రోడ్డు మీద మాత్రం టైరు త్వరగా తేలుతుంది.

ఏది మార్చినా లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ తగ్గకూడదు. 110 అంటే ఒక్కో టైరు 1,060 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210, వి అంటే 240 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. 'అంత వేగం ఎవరు పోతారు' అని పెర్ఫార్మెన్స్ ఎస్‌యూవీకి తక్కువ రేటింగ్ టైరు వేస్తే వేడిని తట్టుకునే శక్తీ తగ్గుతుంది.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే వానలోనూ భయం లేదు.

వాస్తవం: ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది. ఆగడంలో దాని పాత్ర లేదు, బ్రేకులు అన్ని బండ్లకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. తక్కువ వాన పడే మహబూబ్‌నగర్‌లో నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఆయిలు తొలకరికి తడిసి జారుడు పొర అవుతాయి. పెద్ద వానలో ఇంకో ముప్పు ఉంది. నాసా 1960ల్లో విమానాల టైర్ల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చిన లెక్క ప్రకారం, 33 పీఎస్‌ఐ ఉన్న నున్నటి టైరు నిలిచిన నీటి మీద గంటకు 95 కిలోమీటర్ల దగ్గర తేలిపోతుంది. గాలి 25కు పడిపోతే 83 దగ్గరే తేలుతుంది. అప్పుడు స్టీరింగూ వినదు, బ్రేకూ వినదు.

టైరు కంపెనీలు ఎన్నడూ పరీక్షించని జారుడు కూడా మన దగ్గర ఒకటుంది. వానాకాలం పంట కోతలకు, మళ్లీ యాసంగి కోతలకు రోడ్డు మీద ఆరబోసే వడ్లు. చక్రం కింద గింజలు దొర్లుతాయి, అంచుకు పెట్టిన రాళ్లు రాత్రిపూట కనబడవు. నాట్ల రోజుల్లో కేజ్‌వీల్ ట్రాక్టర్లు రోడ్డు మీదికి మోసుకొచ్చే బురదా అంతే. ఎంత ఖరీదైన టైరైనా అక్కడ చేయగలిగింది తక్కువ. వేగం తగ్గించాల్సింది డ్రైవరే.

అపోహ: పొలం దారులున్నాయి కాబట్టి మనకు ఏటీ (ఆల్ టెరైన్) టైర్లే నయం.

వాస్తవం: అది మీ నేలను బట్టి ఉంటుంది. చల్కా నేలలో నీళ్లు త్వరగా ఇంకుతాయి, మామూలు హైవే టైరుతోనే బావి దాకా పోయి రావచ్చు. అలంపూర్ వైపు నల్లరేగడిలో వాన పడ్డాక మట్టి గ్రిప్పుల్లో కూరుకుపోతుంది, అక్కడ ఏటీ అక్కరకొస్తుంది. కానీ నెలలో నాలుగుసార్లు పొలానికి, మిగతా రోజులు హైదరాబాద్‌కు తిరిగే బండికి ఏటీ వేస్తే చప్పుడు పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, తడి తారు మీద బ్రేకు దూరం కూడా సాధారణంగా పెరుగుతుంది.

అపోహ: రెండే కొత్త టైర్లు కొంటే ముందు చక్రాలకు వేయాలి.

వాస్తవం: వెనక్కి వేయాలి. ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరుకు అది చేతికి అందదు. నాలుగు చక్రాలూ ఎప్పుడూ కలిసి లాగే ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలో నాలుగింటి అరుగుదలా దగ్గర దగ్గరగా ఉండాలి, లేకపోతే గేర్ల మీద భారం పడుతుంది.

అపోహ: గ్రిప్పు ఉన్నంతకాలం టైరు మంచిదే.

వాస్తవం: ఎండకు రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2322 అంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించండి. సన్న పగుళ్లు కనిపిస్తే మైలేజీ లెక్క చూడకుండా మార్చేయండి. స్టెప్నీకీ ఇదే నియమం. గ్రిప్పు గాడిలో అడ్డంగా ఉండే చిన్న దిమ్మెల మట్టానికి, అంటే 1.6 మిల్లీమీటర్లకు, అరిగితే ఆ టైరు పని అయిపోయినట్టే. వానాకాలం ముందైతే 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చడం మేలు.

చివరి మాట: మన జిల్లాల్లో ఎస్‌యూవీకి వింటర్ టైరు వద్దు, ఆల్ సీజన్ పేరుకు అదనపు డబ్బూ వద్దు. కంపెనీ చెప్పిన కొలతలో, తగ్గని రేటింగ్‌తో, ఈ మధ్యే తయారైన హైవే టైరు చాలు. రేపు పొద్దున బండి తీసేముందు డ్రైవర్ తలుపు తెరిచి ఆ స్టిక్కర్ చదవండి, స్టెప్నీతో కలిపి ఐదు టైర్లలోనూ గాలి చూపించండి. పెద్దగా ఖర్చు లేని ఆ పని ఏ ఖరీదైన టైరు కంటే ఎక్కువ కాపాడుతుంది.