ఉత్తర కుమారుడు – స్టాప్‌వాచి

పలనాటి గడ్డమీద పుట్టినవానికి పంతమన్నది ఒకరు నేర్పవలసిన విద్య కాదు. కోడిపందెంలో పుట్టిన మాటపట్టింపు కారెంపూడి రణరంగం దాకా సాగిన సీమ ఇది. పన్నెండవ శతాబ్దంనాటి ఆ వీరుల పేర ఏటా కార్తీక మాసంలో అక్కడ జరిగే ఉత్సవాలలో నేటికీ ఒకనాటి పేరు 'కోడిపోరు'. ఇటువంటి సీమలో ఒక పిల్లవాడు రొమ్ము విరుచుకొని నాలుగు మాటలు ఎక్కువగా అన్నాడంటే ఆశ్చర్యపడవలసినది లేదు. అయితే ఎంతటి మాటకారి మాటనైనా చెల్లనీయని చోటు కూడా ఈ సీమలోనే ఒకటి ఉన్నది. అది ఎడ్ల పందెపు బరి.

తిరునాళ్లలో ఒంగోలు జాతి ఎడ్లచేత బండ లాగించే పోటీలు చూచినవారికి ఈ సంగతి తెలుసు. బరిలోకి దిగేముందు యజమాని తన జతను గురించి చెప్పుకొనే గొప్పలకు అంతుండదు. విన్నవారు నవ్వుతారు, కొందరు తలలూపుతారు, అంతే. తరువాత ఎడ్ల పళ్లు చూచి ఏ విభాగంలో కట్టవలెనో తేలుస్తారు. బండ బరువు ముందే నిర్ణయమై ఉంటుంది. గడియారం చూచి ఇన్ని నిమిషాలని గడువు పెడతారు. గడువు ముగిసిన తరువాత టేపు పరచి, జత లాగిన దూరాన్ని అడుగులలోనూ అంగుళాలలోనూ చదువుతారు. ఆ చదివిన అంకెకు ఎంతటి యజమాని అయినా తల వంచవలసినదే.

ఎడ్లకు చేసే ఈ మర్యాదను మనం మనుషులకు చేయము.

నేను పనిచేసే ఉన్నత పాఠశాల గురజాల నుండి మాచర్ల పోయే దారిలో ఒక పల్లెలో ఉన్నది. ఊరి పేరు చెప్పను, పిల్లవాని పేరూ చెప్పను. కారణం ముందు తెలియగలదు. తొమ్మిదవ తరగతి చదువుతున్న ఆ పిల్లవాడు పరుగులో మా బడికంతటికీ మేటి. ఒకనాటి ఉదయం ప్రార్థన కాగానే నా దగ్గరకు వచ్చి, "సార్, బోల్ట్‌ది తొమ్మిదిన్నర. నాది పదీ తొమ్మిది. బూట్లుంటే నేనూ కొడతాను సార్!" అన్నాడు. వాని వెనుక నిలిచిన మిత్రబృందం అవునవునన్నది. కాలం చూచినవాడు వారిలో ఒకడు, సెల్‌ఫోను గడియారంతో. దూరం కొలిచినవాడు మరొకడు, వేపచెట్టు మొదలుకొని నీళ్లట్యాంకు దాకా నూరు అంగలు వేసి.

నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. అయినా డ్రిల్లు మాస్టారి అలమారులోని టేపు తెప్పించి, తరగతి అంతా చూస్తూండగా ఆ దూరం కొలిపించినాను. 84 మీటర్లు వచ్చినది. టేపుతో సరిగా నూరు మీటర్లు కొలిచి, సున్నపు గీతలు గీయించి, పిల్లవానిని పరుగెత్తమన్నాను. నా చేతిలోని స్టాప్‌వాచి 13.1 సెకన్లు చూపినది. పిల్లలు గొల్లుమన్నారు. అంతటితో ఊరుకొన్నా బాగుండేది. ఆ వారమే విరాటపర్వ కథ చెప్పి ఉన్నాను కాబోలు, "రావోయి ఉత్తర కుమారా!" అని నోరు జారినాను. ఆ పేరు మధ్యాహ్నానికి బడి అంతటా, సాయంత్రానికి ఊరంతటా పాకినది. మరునాటి నుండి పిల్లవాడు మైదానంలోకి రావడం మానినాడు.

వాడు చెప్పినది పొరపాటే. కాని అటువంటి పొరపాటు చేసినవారు పెద్దలలో ఎందరు లేరు? 2019 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లోని శివపురి జిల్లా రైతుబిడ్డ ఒకడు రోడ్డుమీద వట్టి కాళ్లతో నూరు మీటర్లను 11 సెకన్లలో పరుగెత్తినాడని దేశమంతా చెప్పుకొన్నది. కేంద్ర క్రీడామంత్రి దాకా పోయిన ఆ వార్తతో అతనిని భోపాల్ రప్పించి, శిక్షణ పొందిన పరుగుగాండ్ర సరసన నిలిపినారు. అతడు అందరికంటె వెనుక వచ్చినాడు. ఆ తరువాత ఆరు నెలలు తిరగకుండానే, 2020 ఫిబ్రవరి 1వ తేదీన, దక్షిణ కన్నడ జిల్లాలోని ఐకళ గ్రామపు కంబళ పందెంలో శ్రీనివాస గౌడ అనే యువకుడు జోడు దున్నలను తోలుకొంటూ బురదబాటలో 142.5 మీటర్ల దూరాన్ని 13.62 సెకన్లలో దాటినాడు. ఎవరో భాగహారం చేసినారు: నూరు మీటర్లకు 9.55! జమైకా వీరుడు ఉసేన్ బోల్ట్ 2009 ఆగస్టు 16న బెర్లిన్ నగరంలో నెలకొల్పిన ప్రపంచ రికార్డు 9.58. ఇంకేమున్నది, బోల్ట్‌ను మించినవాడు దొరికినాడని పత్రికలు శీర్షికలు కట్టినవి.

ఈ ఘట్టంలో నాకు నచ్చిన మనిషి ఆ గౌడ ఒక్కడే. తనను బోల్ట్‌తో పోల్చవద్దని అతడే చెప్పినాడు. తాను పరుగెత్తినది బురదలో అనీ, గెలుపులో దున్నలకు భాగమున్నదనీ, కంబళలో బలం మడమలదైతే ట్రాక్‌మీద బలం కాలివేళ్లదనీ విడమరచినాడు. ఢిల్లీ నుండి పరీక్షకు రమ్మని పిలుపు వచ్చినా పోలేదు. ప్రగల్భం అతనిది కాదు, అతని పేర మనమందరమూ పలికినది.

భాగహారంలో ఉన్న మోసాన్ని లెక్కల మాస్టర్లు పిల్లలకు ఒక్క గంటలో చెప్పవచ్చును. పరుగుగాడు నిలుచున్నచోటి నుండి వేగం పుంజుకొనేందుకు మొదటి మీటర్లలోనే ఎక్కువ కాలం పడుతుంది. బెర్లిన్‌లో బోల్ట్ 60 నుండి 80 మీటర్ల మధ్యనున్న 20 మీటర్లను 1.61 సెకన్లలో దాటినాడు. అదే వేగం మొదటి అడుగునుండీ ఉంటే నూరు మీటర్లు 8.05 సెకన్లలో ముగియవలెను. మన పిల్లవాని 84 మీటర్లను నూరుకు లెక్కగట్టినా, కంబళ దూరాన్ని నూరుకు కుదించినా, దూరాన్ని కాలంతో తూచినామే గాని పరుగును తూచలేదు.

గడియారపు సంగతి అంతకంటె సూక్ష్మమైనది. గీతవద్ద నిలిచి చేతితో స్టాప్‌వాచి నొక్కేవాడు తుపాకి చప్పుడు విని నొక్కరాదు, పొగను చూచి నొక్కవలెను. ఏలనంటే చప్పుడు నూరు మీటర్లు ప్రయాణం చేయడానికి సుమారు 0.3 సెకను పడుతుంది. ఆ మేరకు పరుగుగానికి దొంగలాభం. పొగ చూచి నొక్కినా కంటికీ వేలికీ నడుమ ఆలస్యం తప్పదు. అందుచేతనే చేతి గడియారపు కాలాన్ని ఎలక్ట్రానిక్ కాలంతో పోల్చవలసి వస్తే నూరు మీటర్ల పరుగుకు 0.24 సెకను కలుపుతారు. మిల్ఖాసింగ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పందెంలో నాలుగవవాడై వచ్చినప్పుడు చేతి గడియారం 45.6 అన్నది, యంత్రం 45.73 అన్నది. ఈ కొసరును విసరివేయలేము. 1984లో లాస్ ఏంజిల్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో కంచుపతకాన్ని పోగొట్టుకొన్నది సెకనులో నూరవ వంతు తేడాతోనే కదా.

ఇనుపగుండు విసరేవారి ప్రగల్భాలలో మోసం బరువుది. బడి పిల్లలకిచ్చే 5 కిలోల గుండును విసరి, 7.26 కిలోల గుండుతో తజిందర్‌పాల్ సింగ్ తూర్ 2023లో సాధించిన 21.77 మీటర్లతో పోల్చుకొనేవారిని నేనెరుగుదును. వారి జోలికి పోను.

ఇక్కడ ఒక తెలుగు ఆడపడుచు కథ చెప్పవలెను. విశాఖపట్నంలో కాపలాదారుగా పనిచేసే తండ్రికి పుట్టిన జ్యోతి యర్రాజి నూరు మీటర్ల హర్డిల్స్ పరుగుగత్తె. ఈ పందెంలో జాతీయ రికార్డు 2002 నుండి అనూరాధా బిస్వాల్ పేర 13.38 సెకన్లుగా నిలిచి ఉన్నది. 2020 జనవరిలో విశ్వవిద్యాలయాల పోటీలలో జ్యోతి దానిని 13.03 సెకన్లలో దాటినది. దాటినచోటు మూడబిద్రి, ఐకళ కంబళ పరుగుకు ఒక నెల ముందు, ఆ దక్షిణ కన్నడ జిల్లాలోనే. బురదలో పరుగెత్తినవానికి వద్దన్నా ప్రపంచ రికార్డు కట్టబెట్టిన దేశం, ట్రాక్‌మీద నిజంగా రికార్డు దాటిన ఈ పిల్లకు దానిని ఇవ్వలేదు. పరుగు తరువాత ఉత్ప్రేరకాల పరీక్ష జరగలేదనీ, అథ్లెటిక్ సమాఖ్య ప్రతినిధి అక్కడ లేడనీ కారణం. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో మరల 13.09 పరుగెత్తినది. ఈసారి అడ్డమైనది గాలి. వెనుకనుండి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు మించరాదు, ఆనాడది 2.1 ఉన్నది.

వెనుకగాలి ఒక్క పిసరు ఎక్కువైనందుకు ఇరవై ఏళ్లనాటి రికార్డు చేజారిన మనిషి ఎంత గోల పెట్టినా మనం తప్పు పట్టము. జ్యోతి చేసినది మరునెలలో సైప్రస్ పోయి 13.23 పరుగెత్తడం. లెక్కకు రాని ఆ రెండు పరుగులకంటె ఇది నెమ్మదైనదే; కాని ఇది నిలిచినది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా విజేత అయినది, ఆ ఆగస్టులోనే చైనాలోని చెంగ్డూలో 12.78కి దిగినది. ప్రపంచ రికార్డు 12.12. ఆసియా విజేతకూ ప్రపంచ రికార్డుకూ నడుమ ఇంత దూరమున్నది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె తొలి దశలు దాటలేకపోయినది.

ఈ కథలను నేను ఆ రోజు తరగతిలో చెప్పి ఉండవలసినది. టేపు పట్టుకొన్నవాడు కొలత వెనుకనున్న మర్మం కూడ చెప్పవలెను గాని, ఎగతాళిపేరు పెట్టి ఊరుకొనరాదు.

మూడు వారాలు చూచి పిల్లవాని ఇంటికి పోయినాను. మిరపకాయలు కల్లంలో ఆరబోసే రోజులు. తండ్రి కల్లంలోనే ఉన్నాడు. పిల్లవాడు దూరంగా అటు తిరిగి కాయలు తిరగేస్తున్నాడు. "రండి సార్, మావోడేమన్నా తప్పు చేశాడా?" అన్నాడు తండ్రి. తప్పు నాదని చెప్పినాను. అతడు కాసేపు ఊరకుండి, "ఉత్తర కుమారుడంటే ఎవరు సార్? వీణ్ణడిగితే చెప్పట్లేదు" అన్నాడు.

ఆ ప్రశ్నకు సిగ్గుపడినాను. ఆ ఎర్రని కల్లంలో, కారపు ఘాటుకు తుమ్ముతూ, కథ మొదటినుండి చెప్పినాను. అంతఃపురంలో ఆడవారి ముందు కౌరవులను గెలుస్తానని పలికినవాడు, సేనను చూడగానే రథం దూకి పరుగెత్తినవాడు ఉత్తరుడని మనకందరకూ తెలుసు. మన సామెత అక్కడితో ఆగినది. తిక్కన సోమయాజి విరాటపర్వం అక్కడితో ఆగలేదు. బృహన్నల వేషంలోని అర్జునుడు వెంటపడి వానిని పట్టుకొన్నాడు. ధైర్యం చెప్పి, జమ్మిచెట్టు ఎక్కించి ఆయుధాలు దింపించినాడు. పగ్గాలు వాని చేతికిచ్చినాడు. ఏ సేనను చూచి పారిపోయినాడో ఆ సేన నడుమ ఉత్తరుడు రథం తోలినాడు. ఇంటికి వచ్చిన తరువాత తండ్రి తననే పొగడుతూంటే, గెలిచినది తాను కాననీ, ఒక దేవకుమారుడనీ చెప్పినాడు. కురుక్షేత్రంలో మొదటినాడే శల్యుని ఎదుర్కొని ప్రాణం విడిచినాడు.

కాయలు తిరగేసే చప్పుడు ఆగినది. "చెట్టెక్కి ఆయుధాలు దించింది వాడేనా సార్?" అన్నాడు పిల్లవాడు, ఇటు తిరగకుండానే.

వాడేనన్నాను. జ్యోతి సంగతి, గాలి సంగతి కూడ చెప్పినాను. తండ్రికి అన్నిటికంటె గాలి సంగతి నచ్చినది. "తూర్పారబోసేటప్పుడు మేమూ గాలి చూసుకుంటాం గదా" అన్నాడు.

సోమవారం నాడు పిల్లవాడు మైదానానికి వచ్చి, టేపు తానే పట్టుకొంటానన్నాడు. నూరు మీటర్లు రెండుమార్లు కొలిచి సున్నపు గీతలు గీసినాడు. వారానికొకసారి పరుగెత్తడం, డ్రిల్లు మాస్టారు కాలం చూడడం, తాను నోటుపుస్తకంలో వ్రాసుకొనడం ఏర్పాటు. బోల్ట్ 9.58కి గీత దాటేసరికి తాను గీతకు ఇంకా 25 మీటర్లకు పైగా వెనుక ఉంటానని తనంతట తానే లెక్క కట్టి, చెట్టుకూ గీతకూ నడుమ అక్కడొక రాయి పాతుకొన్నాడు. నలుగురూ అడిగితే, "అది నా రాయి" అంటాడు.

ఆ పుస్తకం మొన్న చూచినాను. 13.1, 13.0, 13.2, 13.0. ఒక పేజీలో 12.6 అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉన్నది. దానిమీద అడ్డగీత. పక్కన వాని దస్తూరీతోనే: "వెనక గాలి బాగా ఉంది. జెండా ఎగురుతోంది. లెక్కలో వేయొద్దు."