అండమాన్ గగనతలంలో ‘గగన్’: ఉపగ్రహాల సాయంతో విమానం దిగేదెలా?

శ్రీ విజయపురం: విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు, చెన్నై నుంచి దాదాపు 1,360 కిలోమీటర్లు సముద్రం మీదుగా ప్రయాణిస్తే గాని అండమాన్ రాజధాని శ్రీ విజయపురానికి (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్) చేరలేరు. వాతావరణం అనుకూలించక ఇక్కడి వీర్ సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయంలో దిగడం సాధ్యం కాకపోతే, ఆ స్థాయిలో ప్రయాణికుల సర్వీసులు నడిచే మరో విమానాశ్రయం దీవుల్లో లేదు. విమానం తిరిగి చెన్నైకో, కోల్‌కతాకో వెళ్లవలసి రావచ్చు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వారి రాకపోకలకూ, అత్యవసర వైద్యానికీ ఈ రన్‌వేయే ఆధారం.

సాధారణంగా విమానాలకు దిగే మార్గాన్ని రన్‌వే వద్ద అమర్చిన ఐఎల్ఎస్ పరికరాలు రేడియో సంకేతాలతో చూపుతాయి. వీటికి అనువైన నేల, నిరంతర నిర్వహణ అవసరం. ఉపగ్రహ విధానంలో రన్‌వే పక్కన ఈ యాంటెన్నాలు అక్కరలేదు.

అయితే జీపీఎస్ ఒక్కటే ఇందుకు చాలదు. 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సంకేతం అయనోమండలంలో ఆలస్యమవుతుంది. ఫలితంగా స్థాన నిర్ణయంలో, ముఖ్యంగా ఎత్తు విషయంలో, కొన్ని మీటర్ల తేడా వస్తుంది. భూమధ్యరేఖకు చేరువలోని ప్రాంతాల్లో ఈ సమస్య మరింత తీవ్రం.

దీనికి పరిష్కారంగా ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి రూ.774 కోట్లతో ‘గగన్’ను రూపొందించాయి. పోర్ట్‌బ్లెయిర్‌తో సహా 15 కేంద్రాలు జీపీఎస్ సంకేతాలను నిరంతరం నమోదు చేస్తాయి. ప్రతి కేంద్రం ఉన్న స్థానం ముందే కచ్చితంగా తెలుసు కనుక, సంకేతంలోని దోషం వెంటనే బయటపడుతుంది. బెంగళూరులోని నియంత్రణ కేంద్రం దిద్దుబాట్లను లెక్కించి జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానాలకు చేరవేస్తుంది. సంకేతం నమ్మదగినది కాకపోతే క్షణాల్లో హెచ్చరిస్తుంది. ప్రాణరక్షణలో కచ్చితత్వం ఎంత ముఖ్యమో ఈ హెచ్చరికా అంతే ముఖ్యం.

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2013 డిసెంబరులో మార్గనిర్దేశానికి, 2015 ఏప్రిల్‌లో నిట్టనిలువు మార్గదర్శనంతో కూడిన అవరోహణకు గగన్‌ను ధ్రువీకరించింది. మొదటి సేవ భారత గగనతలమంతటికీ, రెండవది దేశ భూభాగానికి ఉద్దేశించినవి. 2015 జులైలో నాటి పౌర విమానయాన మంత్రి, విజయనగరానికి చెందిన పి.అశోక్ గజపతిరాజు దీనిని ప్రారంభించారు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది. ఐఎల్ఎస్ లేని చిన్న విమానాశ్రయాలకు ఇది మార్గం చూపింది.

అయినా ఉపగ్రహ సంకేతం ఉన్నంత మాత్రాన విమానం దిగజాలదు. ప్రతి రన్‌వేకు, చుట్టూ ఉన్న కొండలనూ కట్టడాలనూ పరిగణించి, విడిగా అవరోహణ పద్ధతిని రూపొందించి ఆమోదించాలి. విమానంలో తగిన గ్రాహకం, పైలట్లకు శిక్షణ ఉండాలి. 2019 నుంచి కొత్తగా నమోదయ్యే విమానాల్లో గగన్ పరికరం ఉండాలని 2016 విమానయాన విధానం నిర్దేశించినా, ఆ గడువు తరువాత మారింది.

అన్నీ అమరినా, అనుకూల పరిస్థితుల్లో సుమారు 250 అడుగుల ఎత్తు వరకే ఈ విధానం దారి చూపుతుంది. ఆ ఎత్తుకు చేరేసరికి పైలట్‌కు రన్‌వే కనిపించాలి. లేనిపక్షంలో విమానాన్ని తిరిగి పైకి లేపవలసిందే. అందుకే దీవులకు వచ్చే విమానాలు ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి సరిపడా ఇంధనాన్ని మోసుకురావడం ఇకపైనా తప్పదు.