వార్తల్లో పదం: ఇన్‌కంబెంట్

పదవిలో ఉంటూ మళ్లీ అదే సీటుకు పోటీచేసే నేతే ఇన్‌కంబెంట్. అమెరికా ప్రతినిధుల సభకు రెండేళ్లకోసారి ఎన్నికలు జరిగినా, తిరిగి బరిలో దిగిన సభ్యుల్లో సాధారణంగా 90 శాతం పైగా గెలుస్తారు. దీన్ని జనాదరణగానే లెక్కగట్టడం పొరపాటు. చాలా నియోజకవర్గాలు ఒకే పార్టీకి కంచుకోటలు. అసలు పోటీ పార్టీ అభ్యర్థిని ఎంపికచేసే ప్రైమరీలోనే. న్యూయార్క్ నుంచి 1999లో సభకొచ్చిన జో క్రౌలీకి 2004 తర్వాత 2018 దాకా ప్రైమరీలో ప్రత్యర్థే లేరు. సుమారు 7 లక్షల జనాభా ఉన్న ఆయన 14వ నియోజకవర్గంలో 2018 జూన్ ప్రైమరీలో పోలైనవి 30 వేల లోపు ఓట్లే. ప్రత్యర్థిగా దిగిన అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ దాదాపు 4 వేల ఆధిక్యంతో ఆయన్ని ఓడించారు.

సీనియర్లకు కమిటీల్లో పట్టుంటుంది, దాంతో నియోజకవర్గానికి మేలు జరుగుతుందంటారు. నిజమే. కానీ ఆ మేలెంతో నిలదీసే ప్రైమరీయే పద్నాలుగేళ్లు జరగకపోతే ఓటరు ఎక్కడ అడగాలి? నవంబరు సాధారణ ఎన్నికలోనా? అప్పటికే ఫలితం ఖాయం. 2018 నవంబరులో ఒకాసియో-కోర్టెజ్‌కు 78 శాతం ఓట్లు వచ్చాయి.