గాలివాటం పందెం

గాలివాటంగా పోయేవాణ్ణి మనం మెచ్చుకోం. సెయింట్ లూయిస్ వాళ్లు మాత్రం అలాంటివాళ్లందరినీ ఏటా ఒకచోట చేర్చి పందెం పెడతారు, పైగా గెలిచినవాడికి బహుమతి ఇస్తారు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఉందీ నగరం. అక్కడి ఫారెస్ట్ పార్క్ విస్తీర్ణం సుమారు 1,300 ఎకరాలు. ఊరూవాడా పేరు మోగిన న్యూయార్క్ సెంట్రల్ పార్క్ 843 ఎకరాలే. 1904లో ప్రపంచ ప్రదర్శన జరిగిన ఈ పార్కులోనే 1973లో వేడిగాలి బెలూన్ల పందెం మొదలైంది. సెప్టెంబరులో జరుగుతుంది. టికెట్టు లేదు.

ఈ పందెంలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లెక్కలోకి రాదు. మొదట ఒక బెలూన్ లేస్తుంది. అది కుందేలు. కాసేపాగి మిగతావి, డెబ్బై దాకా, దాని వెంటపడతాయి. అవి వేటకుక్కలు. కుందేలు కొన్ని మైళ్లు పోయి ఏదో ఖాళీ జాగాలో దిగి, నేల మీద పెద్ద ఎక్స్ గుర్తు పరుస్తుంది. వెనక వచ్చేవాళ్లు పైనుంచి చిన్న సంచి ఒకటి విసరాలి. ఎవరి సంచి ఆ గుర్తుకు దగ్గరగా పడితే వాళ్లదే గెలుపు.

వినడానికి పిల్లలాటలాగే ఉంది. కానీ బెలూన్‌కు స్టీరింగ్ లేదు, బ్రేకు లేదు. నడిపేవాడి చేతిలో ఉన్నవి ఒక మంట, ఒక తాడు. ప్రొపేన్ మంట పెంచితే పైకి పోతుంది, తాడు లాగి నడినెత్తిన ఉన్న మూత తెరిస్తే కిందికి దిగుతుంది. మరి పక్కకు? గాలి ఒక్కో ఎత్తులో ఒక్కో దిక్కుకు వీస్తుంది. తనకు కావలసిన దిక్కుకు పోయే గాలి ఏ ఎత్తులో ఉందో వెతుక్కుని అక్కడికి చేరాలి, బస్టాండులో బోర్డు చూసుకుని బస్సెక్కినట్టు. నూరు డిగ్రీలకు వేడెక్కిన గాలి ఘనపు మీటరుకు పావు కిలో బరువు మాత్రమే మోస్తుంది. అందుకే నలుగురు మనుషులు ఎక్కాలంటే రెండు వేల ఘనపు మీటర్లకు పైగా గాలి పట్టే గుడ్డ సంచి కావాలి. మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి అల్లరి చేస్తుంది కాబట్టి ఎగరడం పొద్దున్నే, లేదా సాయంత్రం.

చాలా ఏళ్లు కుందేలుగా ఎగిరింది ఎనర్జైజర్ బ్యాటరీల కంపెనీ వాళ్ల గులాబీ రంగు కుందేలు బొమ్మ బెలూన్. ఆ కంపెనీదీ సెయింట్ లూయిసే. మన సామెతలో కుందేటి కాళ్ల మీదే తగువంతా. ఇక్కడ ఎత్తు గురించి చెప్పుకోవాలి. 166 అడుగులు! హుస్సేన్‌సాగర్ బుద్ధుడు 58 అడుగులు. అమెరికా స్వేచ్ఛా ప్రతిమ కూడా, దిమ్మె తీసేస్తే, 151 అడుగులే.

నాకైతే పందెం కన్నా ముందురోజు రాత్రి జరిగే వేడుకే ఎక్కువ నచ్చుతుంది. బెలూన్లను నేలకు కట్టేసి, చీకటి పడ్డాక ఒక్కసారిగా మంటలు వెలిగిస్తారు. గుడి ధ్వజస్తంభానికి కట్టిన కార్తీక ఆకాశదీపం ఏడంతస్తుల ఎత్తు పెరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సంఖ్యలో మాత్రం న్యూ మెక్సికోలోని అల్బుకర్కీని మించినది లేదు. 1972లో ఒక షాపింగ్ మాల్ పార్కింగ్ స్థలంలో 13 బెలూన్లతో మొదలైన పండగ అది. 2000లో వాటి సంఖ్య వెయ్యి దాటింది. మన దగ్గర 2017 నవంబరులో అరకు లోయ మీద బెలూన్లు ఎగిరాయి. ఎత్తులో మాత్రం మనవాడే ఘనుడు. 2005 నవంబరు 26న పారిశ్రామికవేత్త విజయ్‌పత్ సింఘానియా, 67 ఏళ్ల వయసులో, ముంబయిలో వేడిగాలి బెలూన్ ఎక్కి 68,986 అడుగులకు వెళ్లి నాసిక్ దగ్గర దిగారు.

సెయింట్ లూయిస్‌కు గాలితో చుట్టరికం ఈ పందెం కన్నా పాతది. 1859 జులై 1న జాన్ వైజ్, మరో ముగ్గురు గ్యాస్ బెలూన్‌లో ఇక్కడ లేచి, మర్నాడు న్యూయార్క్ రాష్ట్రంలో చెట్ల మీద పడ్డారు. 1,300 కిలోమీటర్లు! దారిలో తుఫాను. బరువు తగ్గించుకోవడానికి ఉత్తరాల సంచిని కూడా ఆంటారియో సరస్సులోకి విసిరేశారు. అది తర్వాత దొరికింది. 1910లో, ఎక్కువ దూరం వెళ్లినవాళ్లకే గెలుపు దక్కే గోర్డన్ బెనెట్ కప్పు పోటీకి ఇక్కడి నుంచే లేచిన అలన్ హాలీ, అగస్టస్ పోస్ట్ కెనడాలోని క్విబెక్ అడవుల్లో దిగారు. రోజుల తరబడి వాళ్ల జాడ లేదు. వాళ్లేమో అడవిలో పడి నడుస్తున్నారు. చివరికి బయటపడి చూస్తే కప్పు వాళ్లదే.

ఇక్కడి నుంచి లేచినవాళ్లలో అందరికన్నా దూరం వెళ్లింది స్టీవ్ ఫాసెట్. ఆయన బెలూన్ హీలియంతో, వేడిగాలితో కలిసి పనిచేసే రకం. దాన్ని రోజియే బెలూన్ అంటారు. 1783లో పారిస్‌లో మొట్టమొదట గాలిలోకి లేచిన ఇద్దరిలో ఒకరి పేరు అది. 1997 జనవరిలో ఫాసెట్ ఒంటరిగా ప్రపంచం చుట్టి రావాలని సెయింట్ లూయిస్ బుష్ స్టేడియం నుంచి బయల్దేరారు. లిబియా తన గగనతలం మీదుగా పోవడానికి మొదట ఒప్పుకోలేదు. దారి మార్చే ప్రయత్నంలో ఇంధనం ఖర్చయింది. అనుమతి వచ్చేసరికి మిగిలినది చాలదని తేలింది. ఆరు రోజుల తర్వాత, 15 వేల కిలోమీటర్లు దాటాక, ఆయన దిగింది ఉత్తరప్రదేశ్‌లో సుల్తాన్‌పూర్ దగ్గర ఒక పల్లెలో. అప్పటికి అంత దూరం బెలూన్‌లో వెళ్లినవాడు ఎవడూ లేడు.

కోరిక తీరింది ఆరో ప్రయత్నంలో, 2002లో. ఈసారి లేచింది ఆస్ట్రేలియా నుంచి, దిగిందీ ఆస్ట్రేలియాలోనే. పదమూడు రోజుల పైచిలుకు ఆయనకు గాలుల సమాచారం చెబుతూ దారి చూపిన కంట్రోల్ రూమ్ మాత్రం సెయింట్ లూయిస్‌లోనే, ఆయన చదువుకున్న వాషింగ్టన్ యూనివర్సిటీలో ఉండేది. ఆ క్యాంపస్ గేటు దాటి రోడ్డుకు అవతల పక్కకు వెళితే ఫారెస్ట్ పార్క్.