పాఠం 5: ఇంగ్లీషు బోధిస్తూ స్పానిష్ నేర్చుకోవడం – ఆతిథ్య కుటుంబంలో భాషా మారకం

5.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• భాషా మారకం, హోమ్‌స్టే అనే భావనలను వివరించగలుగుతారు.
• ఇంగ్లీషు బోధించే వ్యక్తికి స్పానిష్ ఎందుకు సులభంగా అబ్బదో విశ్లేషించగలుగుతారు.
• తెలుగు మాతృభాషగా గలవారికి స్పానిష్‌లో ఎదురయ్యే సౌలభ్యాలను, చిక్కులను గుర్తించగలుగుతారు.
• మారక ఒప్పందంలో పరిశీలించవలసిన అంశాలను పేర్కొనగలుగుతారు.

5.1 విషయ పరిచయం

గత పాఠంలో తరగతి గదిలో రెండో భాషను ఎలా నేర్పుతారో తెలుసుకున్నాం. భాషను తరగతి గదిలోనే నేర్చుకోవాలని లేదు. ఒక ఇంట్లో ఉంటూ, అక్కడి వారితో కలిసి తింటూ, మాట్లాడుతూ కూడా నేర్చుకోవచ్చు. మనకు తెలిసిన భాషను వారికి నేర్పి, వారి భాషను మనం నేర్చుకోవడమే భాషా మారకం.

స్పానిష్ దాదాపు 20 దేశాల్లో అధికార భాష. ఆ దేశాల్లో చాలాచోట్ల ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవారికి గిరాకీ ఉంది. అందువల్ల అక్కడి కుటుంబంలో ఉంటూ ఇంగ్లీషు బోధించి, ప్రతిఫలంగా వసతి, భోజనం, స్పానిష్ పొందే ఏర్పాట్లు ఏర్పడ్డాయి. పైకి చూస్తే ఇది ఒక దెబ్బకు రెండు పిట్టల వ్యవహారంలా కనిపిస్తుంది. అయితే రెండో పిట్ట అంత సులువుగా దొరకదు. ఎందుకు దొరకదో, దొరకాలంటే ఏం చెయ్యాలో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

5.2 హోమ్‌స్టే, భాషా మారకం: నేపథ్యం

పరాయి దేశంలో హోటల్లో కాక ఒక కుటుంబంతో కలిసి ఉండటాన్ని హోమ్‌స్టే అంటారు. ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చిన సంస్థల్లో, 1932లో అమెరికాలో డొనాల్డ్ వాట్ ప్రారంభించిన ‘ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్’ ముఖ్యమైనది. వేర్వేరు దేశాల వారు ఒకే ఇంట్లో ఉంటే ఒకరినొకరు అర్థం చేసుకుంటారన్నది దాని ఉద్దేశం.

ఇద్దరు వ్యక్తులు తమ భాషలను పరస్పరం నేర్పుకునే పద్ధతికి ‘టాండెమ్’ అని పేరు. ఇది 1960ల చివరిలో జర్మన్, ఫ్రెంచి యువజన కార్యక్రమాల్లో రూపుదిద్దుకుంది. దీనికి రెండు సూత్రాలు ఉన్నాయి. మొదటిది పరస్పరత. అంటే ఇద్దరికీ సమానంగా లాభం కలగాలి. రెండోది స్వయంనిర్ణయం. అంటే తాను ఏం నేర్చుకోవాలో, ఎలా నేర్చుకోవాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. ఈ రెండు సూత్రాలను గుర్తుపెట్టుకోండి. పాఠంలో మిగతా చర్చ అంతా వీటి చుట్టూనే సాగుతుంది.

5.3 ఒక ఉదాహరణ: చిలీ

దక్షిణ అమెరికాలోని చిలీ దేశ విద్యా మంత్రిత్వ శాఖ 2003లో ‘ఇంగ్లెస్ అబ్రె ప్వెర్తాస్’ అనే కార్యక్రమాన్ని చేపట్టింది. ‘ఇంగ్లీషు తలుపులు తెరుస్తుంది’ అని దాని అర్థం. ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు బోధనను మెరుగుపరచడం దీని ధ్యేయం. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో విదేశీ స్వచ్ఛంద సేవకులను కూడా ఇందులో భాగస్వాములను చేశారు. వారు స్థానిక ఉపాధ్యాయుడికి సహాయకులుగా, విద్యార్థులను చిన్న బృందాలుగా తీసుకుని మాట్లాడే అభ్యాసం చేయించేవారు. స్థానిక కుటుంబాలు వారికి వసతి, భోజనం ఇచ్చేవి.

ఇలాంటి సేవకుడి సాయంత్రాన్ని ఊహించండి. చిలీ ఇళ్లల్లో సాయంత్రం ‘ఒన్సె’ అనే అలవాటు ఉంది. ఆ మాటకు అర్థం పదకొండు. టీ, రొట్టె, చితకగొట్టిన అవకాడో బల్లమీద పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. పుస్తకంలో ‘ఎస్తామోస్’ అని చదువుకున్న మాట అక్కడ ‘ఎహ్తామో’ అని వినిపిస్తుంది. అక్షరం చివర వచ్చే ‘స్’ ధ్వనిని చిలీ ప్రజలు మాటల్లో చాలావరకు పలచబరుస్తారు, లేదా వదిలేస్తారు. మాటమాటకీ ‘కచాయ్’ (అర్థమైందా) అంటారు. ఇవేవీ ప్రారంభ వాచకాల్లో సాధారణంగా కనిపించవు. హోమ్‌స్టే విలువ ఇక్కడే ఉంది. అది వాచకంలో దొరకని భాషను చెవికి అలవాటు చేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. టాండెమ్ పద్ధతిలోని రెండు సూత్రాలు ఏవి?
2. చిలీ కార్యక్రమంలో సేవకుల పాత్ర ఏమిటి?

5.4 అసలు సమస్య: రెండు లక్ష్యాలు, ఒకే సమయం

ఇంగ్లీషు బోధించే వ్యక్తి పాఠశాలలో ఇంగ్లీషే మాట్లాడాలి. అది ఉద్యోగ ధర్మం. ఇంటికి వచ్చాక పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించమని ఆతిథ్య కుటుంబం కోరుతుంది. అందుకే కదా వారు వసతి ఇచ్చింది. మిగిలిన ఖాళీ సమయం ఇంగ్లీషు వచ్చిన మిత్రులతో గడిచిపోతుంది. స్పానిష్ దేశంలో ఉన్నా, రోజంతా స్పానిష్ లేకుండానే ముగుస్తుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 20 వారాలు అక్కడ ఉన్నారనుకోండి. అంటే 140 రోజులు. రోజుకు అరగంట మాత్రమే స్పానిష్ మాట్లాడితే మొత్తం 70 గంటలు. రోజుకు రెండు గంటలైతే 280 గంటలు. ఇంగ్లీషు మాతృభాషగా గల దౌత్య ఉద్యోగులకు స్పానిష్‌లో వృత్తి స్థాయి నైపుణ్యం రావడానికి అమెరికా విదేశీ సేవా సంస్థ సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు కేటాయిస్తుంది. అదే తెలుగుకు దాదాపు 1100 గంటలు. భోజనాల బల్ల దగ్గరి గంట, తరగతి గంట ఒకటి కావు. అయినా 70కీ 280కీ ఉన్న తేడా ఎంత పెద్దదో ఈ లెక్క తెలియజేస్తుంది. ఆ తేడాను నిర్ణయించేది మీ తెలివితేటలు కాదు, ఇంట్లో మొదటి వారంలో మీరు చేసుకున్న ఏర్పాటు.

విన్నది అర్థమయ్యే స్థాయిలో ఉంటే భాష అబ్బుతుందని స్టీఫెన్ క్రాషెన్ ప్రతిపాదించాడు. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదువుతున్న పిల్లలను పరిశీలించిన మెరిల్ స్వైన్, వినడం ఒక్కటే చాలదని 1985లో వాదించింది. ఏళ్ల తరబడి ఫ్రెంచి విన్న పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు వ్యాకరణంలో తడబడటం ఆమె గమనించింది. మాట్లాడవలసి వచ్చినప్పుడే మనకు ఏది రాదో మనకు తెలుస్తుంది. కాబట్టి ఒన్సె బల్ల దగ్గర మౌనంగా కూర్చుని వినడం మంచి ఆరంభమే గాని, అక్కడితో ఆగకూడదు.

దీనికి ఆచరణలో నిలిచే పరిష్కారం చోటును, వేళను బట్టి భాషను విడదీయడం. ఉదాహరణకు: పిల్లల హోంవర్క్ దగ్గర ఇంగ్లీషు, భోజనాల బల్ల దగ్గర స్పానిష్. ‘రెండూ కలిపి మాట్లాడుకుందాం’ అనే ఏర్పాటులో ఇద్దరిలో ఎవరికి ఏ భాష బాగా వచ్చో ఆ భాషే గెలుస్తుంది. ఇంట్లో ఒకరికి ఇంగ్లీషు బాగా వస్తే, మీ స్పానిష్ అక్కడే ఆగిపోతుంది. అందుకే ఇంగ్లీషు రాని అమ్మమ్మ గాని తాతయ్య గాని ఉన్న ఇల్లు భాషాభ్యాసికి వరం. వారితో మాట్లాడటానికి స్పానిష్ తప్ప వేరే దారి ఉండదు.

5.5 తెలుగువారికి స్పానిష్

స్పానిష్ నేర్చుకోవడానికి ఇంగ్లీషు పుస్తకాలే ఆధారం కావడం వల్ల, తెలుగు ద్వారా కలిగే సౌలభ్యాలను మనవారు గమనించరు. కొన్నింటిని చూద్దాం.

(అ) కర్త లోపం: ‘మాట్లాడతాను’ అంటే ‘నేను’ అని వేరే చెప్పనక్కరలేదు. స్పానిష్‌లోనూ ‘ఆబ్లో’ అంటే చాలు. క్రియ చివరి ప్రత్యయమే కర్తను తెలుపుతుంది.

(ఆ) నచ్చడం: ‘మె గుస్తా ఎల్ కఫే’ అంటే ‘నాకు కాఫీ నచ్చుతుంది’. ‘మె గుస్తాన్ లోస్ లీబ్రోస్’ అంటే ‘నాకు పుస్తకాలు నచ్చుతాయి’. నచ్చిన వస్తువును బట్టే క్రియ ఏకవచనమో బహువచనమో అవుతుంది. ఇంగ్లీషు వారిని తికమక పెట్టే ఈ నిర్మాణం మనకు ఇంటి భాషలోనే ఉంది.

(ఇ) ‘ఉండు’ క్రియ: ఇంగ్లీషులో ఒకే క్రియ చేసే పనిని స్పానిష్‌లో రెండు క్రియలు పంచుకుంటాయి. ‘నేను ఉపాధ్యాయుణ్ణి’ అనడానికి ‘సోయ్ ప్రొఫెసోర్’ అంటారు. ‘నేను ఇంట్లో ఉన్నాను’ అనడానికి ‘ఎస్తోయ్ ఎన్ కాసా’ అంటారు. తెలుగులో మొదటి వాక్యానికి క్రియ అక్కరలేదు, రెండోదానికి ‘ఉండు’ కావాలి. ఈ తేడా అన్ని సందర్భాల్లోనూ సరిపోకపోయినా, మొదటి మెట్టు ఎక్కడానికి మంచి ఊతం.

(ఈ) మర్యాద: ‘నువ్వు’కు ‘తూ’, ‘మీరు’కు ‘ఉస్తేద్’ ఉన్నాయి. ఇంటి పెద్దలతో ‘ఉస్తేద్’తో మొదలుపెట్టి, వారు వద్దన్నప్పుడు ‘తూ’కు మారడం మేలు.

(ఉ) ఉచ్చారణ: స్పానిష్‌లోని త, ద దంత్యాలు. వాటిని ఇంగ్లీషు అలవాటుతో ట, డ అని పలకకూడదు. ప, త, క లను ఊపిరి ఒత్తు లేకుండా పలకడం మనకు సహజం.

చిక్కులు కూడా ఉన్నాయి. తెలుగులో అచ్చు నిడివి అర్థాన్ని మారుస్తుంది. స్పానిష్‌లో నిడివికి బదులు ఊనిక మారుస్తుంది. ‘పాపా’లో మొదటి అక్షరం మీద ఊనిక ఉంటే లాటిన్ అమెరికాలో బంగాళాదుంప, రెండో అక్షరం మీద ఉంటే నాన్న. నిర్జీవ వస్తువులకు కూడా స్త్రీ, పుం లింగాలు ఉన్నాయి. పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం. విభక్తులు మనకు పదం తరవాత వస్తే, వారికి పదానికి ముందు వస్తాయి: ‘ఇంట్లో’ అన్నది ‘ఎన్ కాసా’ అవుతుంది.

5.6 నేర్చుకునేవాడే మంచి బోధకుడు

ఇంగ్లీషు తన మాతృభాష కాదు కాబట్టి విదేశంలో బోధించే అర్హత తనకు లేదని తెలుగు మాధ్యమంలో చదివిన చాలామంది భావిస్తారు. హంగరీకి చెందిన పీటర్ మెడ్గెష్ ఈ విషయాన్ని లోతుగా పరిశీలించాడు. తాను నేర్చుకుని వచ్చిన ఉపాధ్యాయుడు విద్యార్థికి ఎక్కడ కష్టం ఎదురవుతుందో ముందే ఊహించగలడని, విద్యార్థికి ఆదర్శంగా నిలవగలడని ఆయన వివరించాడు.

స్పానిష్ నేర్చుకుంటున్న కొద్దీ ఈ శక్తి పెరుగుతుంది. చిలీ విద్యార్థి ‘ఐ హావ్ ట్వెల్వ్ ఇయర్స్’ అంటే అది అజాగ్రత్త కాదు. స్పానిష్‌లో వయసును ‘తెంగో’ (నాకు ఉంది) అనే క్రియతో చెబుతారు. ‘ఈజ్ రెయినింగ్’ అని కర్తను వదిలేస్తే, వాన పడటాన్ని స్పానిష్ ఒక్క క్రియతోనే చెప్పడం దానికి కారణం. ‘ఎస్కూల్’ అంటే, స్పానిష్ పదాలు ‘స్’తో కూడిన సంయుక్తాక్షరంతో మొదలు కాకపోవడం కారణం. మన పల్లెల్లో ‘ఇస్కూలు’ అనడం విన్నవారికి ఇది వేరే చెప్పాలా? తప్పు వెనక ఉన్న కారణం తెలిసిన ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి కసరడు, దారి చూపిస్తాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. ‘మె గుస్తా’ నిర్మాణం తెలుగువారికి ఎందుకు సులభం?
2. స్పానిష్ విద్యార్థులు ‘ఎస్కూల్’ అని పలకడానికి కారణం ఏమిటి?

5.7 ఒప్పందంలో చూడవలసినవి

పరస్పరత అనే సూత్రం గాలికి పోయే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. వసతి, భోజనం ఉచితం అన్న మాట వినగానే సంతోషపడకుండా కింది అంశాలను బయలుదేరక ముందే పరిశీలించాలి.

1. వీసా: జీతం లేకపోయినా, వసతికి బదులుగా చేసే బోధనను కొన్ని దేశాలు పనిగానే పరిగణిస్తాయి. మీ వీసా దానికి అనుమతిస్తుందో లేదో ఆ దేశ రాయబార కార్యాలయంలోనే తెలుసుకోవాలి. మధ్యవర్తి మాట చాలదు.
2. గంటలు: వారానికి ఎన్ని గంటలు బోధించాలి, సెలవు ఏ రోజు అన్నది రాతలో ఉండాలి. పిల్లలకు ఇంగ్లీషు నేర్పడం క్రమంగా పిల్లలను చూసుకోవడంగా, ఆపైన ఇంటి పనిగా మారడం జరుగుతుంటుంది. గంటలు రాసి ఉంటేనే అడ్డుకోగలం.
3. స్పానిష్ వంతు: మీరు బోధించే గంటలు రాసినట్టే, మీకు స్పానిష్ నేర్పే గంటలు కూడా రాయించాలి. చాలా ఒప్పందాల్లో లోపించేది ఇదే.
4. గది, భద్రత: లోపల గడియ ఉన్న సొంత గది, ఆరోగ్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ అప్పగించకూడదు. ఇబ్బంది వస్తే భారత రాయబార కార్యాలయాన్ని గాని, విదేశాంగ శాఖ వారి ‘మదద్’ ఫిర్యాదు వేదికను గాని ఆశ్రయించవచ్చు.
5. ఆహారం: శాకాహారులు ‘కార్నె’ (మాంసం) తినమని చెబితే సరిపోదు. లాటిన్ అమెరికాలో ఆ మాటకు తరచు పశుమాంసం అనే అర్థం. కోడి, చేప కూడా తినమని విడిగా చెప్పాలి.

వెళ్లే ముందు కొంత స్పానిష్ నేర్చుకుంటే మొదటి నెల వృథా కాదు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధన ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ, గ్రామీణ యువతకు స్పానిష్‌తో సహా విదేశీ భాషలు నేర్పుతోంది. తిరిగి వచ్చాక నేర్చుకున్నదానికి గుర్తింపు కావాలంటే, స్పెయిన్‌కు చెందిన సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే ‘డెలె’ పరీక్షలు ఎ1 నుంచి సి2 వరకు ఆరు స్థాయిల్లో ఉన్నాయి.

5.8 సారాంశం

ఆతిథ్య కుటుంబంలో ఉంటూ ఇంగ్లీషు బోధించడం స్పానిష్ నేర్చుకోవడానికి మంచి అవకాశం. అయితే బోధన, అభ్యాసం ఒకే సమయం కోసం పోటీ పడతాయి. చోటును బట్టి భాషను విడదీస్తేనే రెండూ సాగుతాయి. తెలుగు నిర్మాణం స్పానిష్‌కు కొన్నిచోట్ల ఇంగ్లీషు కంటే దగ్గరగా ఉంది. స్పానిష్ నేర్చుకోవడం వల్ల ఇంగ్లీషు బోధన కూడా మెరుగవుతుంది. వసతి ఇచ్చారన్న మొహమాటంతో మీ వంతు స్పానిష్ వదులుకోకండి. అది వారి దయ కాదు, మారకంలో మీకు రావలసిన వాటా.

5.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఇంగ్లీషు బోధించే వ్యక్తి స్పానిష్ నేర్చుకోవడంలో ఎదురయ్యే సమస్యను, పరిష్కారాన్ని చర్చించండి.
2. తెలుగు, స్పానిష్ భాషల నిర్మాణాల్లోని పోలికలను, భేదాలను సోదాహరణంగా వివరించండి.

II. కింది వాటికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. క్రాషెన్, స్వైన్ అభిప్రాయాల మధ్య భేదం.
2. మారక ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండవలసిన అంశాలు.

III. అభ్యాసం: మీ ఇంటికి ఒక స్పానిష్ విద్యార్థి వచ్చి మూడు నెలలు ఉంటాడనుకోండి. అతనికి తెలుగు, మీకు స్పానిష్ వచ్చేలా ఒక రోజు కాలపట్టికను తయారు చేయండి. ఏ వేళ ఏ భాషో, ఎందుకో రాయండి.