నెలనెలా డబ్బు కట్టక్కర్లేని డిష్

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేముందు ఇది ఒకసారి చదవండి.

మా ఊరు పాడేరు ఏజెన్సీలో ఉంది. అక్కడికి కేబుల్ వైరు రాదు. రీఛార్జి డిష్‌లే దిక్కు. కాఫీ, మిరియాల డబ్బులు ఉన్నన్నాళ్ళు టీవీ నడుస్తుంది, వానాకాలానికి ఆగిపోతుంది. 2020లో కరోనా వల్ల బడులు మూసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు చెప్పారు. అప్పుడు మా అక్క పదో తరగతి. రీఛార్జి అయిపోయి సగం పాఠాలే చూసింది. అందుకే కిందటేడు మా బావ, నేను డీడీ ఫ్రీ డిష్ బిగించాం. సామానుకి సుమారు 2,000 రూపాయలు ఒక్కసారి పెట్టాలి, ఆ తర్వాత పైసా కట్టక్కర్లేదు.

"పాత అల్యూమినియం యాంటెనా కర్రకి కడితే చాలదా?" అని తాత అడిగాడు. చాలదు. ఆ యాంటెనాకి బొమ్మ పంపే దూరదర్శన్ టవర్లను 2022 నాటికి కొన్ని చోట్ల తప్ప మూసేశారు. అవి ఉన్నప్పుడు కూడా మధ్యలో కొండ అడ్డమొస్తే మా లోయలో చుక్కలే కనపడేవట. ఫ్రీ డిష్‌కి కొండతో పనిలేదు. దాని ఉపగ్రహం జీశాట్-15 భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. మా ఊరినుంచి చూస్తే ఆకాశంలో 65 డిగ్రీల పైన ఉంటుంది. అడ్డమొచ్చేది ఇంటిపక్క పనస చెట్టే!

కొనేటప్పుడు రెండడుగుల డిష్, ఎంపెగ్-4 పెట్టె అడగండి. పాత ఎంపెగ్-2 పెట్టెలో కొన్ని చానెళ్ళు రావు. 

ఇక బిగించడం. రేకుల మీద, పెంకుల మీద ఎక్కొద్దు, విరుగుతాయి. మేం పెరట్లోనే సిమెంటు దిమ్మలో ఇనప గొట్టం పాతాం. కరెంటు తీగలకి దూరంగా పాతాలి. గొట్టం నిటారుగా ఉందా లేదా అని దారానికి రాయి కట్టి చూశాం. ఇది వంకరైతే ఎంత తిప్పినా లాభం లేదు.

దిక్కు ఎలా తెలుస్తుంది? సంక్రాంతి రోజుల్లో మధ్యాహ్నం పన్నెండింటికి కర్ర నీడ ఉత్తరానికి పడుతుంది. దానికి ఎదురు దక్షిణం. అక్కణ్ణించి తూర్పుకి మూలమట్టంలో మూడోవంతు తిప్పాలి. ఆదిలాబాద్ వైపు వాళ్ళు ఇంకొంచెం తూర్పుకి. డిష్ మరీ ఆకాశంలోకి చూస్తున్నట్టు కనపడదు, కంగారుపడొద్దు. ముందుకి చాచిన కడ్డీ చివర ఉండే ఎల్‌ఎన్‌బీ కిందవైపు ఉంటుంది గనక పళ్ళెం కాస్త నిలువుగానే నిలబడుతుంది.

తర్వాతిది ఓపిక పని. బావ డిష్‌ని వేలెడంత జరిపి ఆగేవాడు, నేను లోపల టీవీలో సిగ్నల్ గీత చూసి "ఇంకొంచెం!" అని అరిచేవాణ్ణి. గంటన్నర పట్టింది. గీత బాగా పెరిగినచోట బోల్టులు బిగించేశాం.

సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి. తరగతుల పాఠాలకి పీఎం ఈ-విద్య చానెళ్ళు కూడా ఉన్నాయి. జోరువానలో బొమ్మ పోతుంది, తగ్గాక అదే వస్తుంది. ఉరుములు మొదలవకముందే ప్లగ్గు, డిష్ వైరు రెండూ పీకేయండి. చానెళ్ళు మారుతుంటాయి కాబట్టి అప్పుడప్పుడు ఆటో స్కాన్ కొట్టాలి.