మొరాయించు బండి

ద్వారకా తిరుమల నుండి భీమడోలు మీదుగా కొల్లేటి చెరువులకు పోయి చేపలు తెచ్చు పాత పికప్ బండికి ఒక వింత జబ్బు పట్టుట కలదు. ఉదయము తాళము త్రిప్పగానే లేచిన బండి, గట్టున చేపల పెట్టెలెక్కించి మరల త్రిప్పినచో 'టక్'మని ఊరకుండును. అరగంట చల్లారిన పిదప ఏమియు ఎరుగనట్లు కదలును. ఈలోగా ఐసు కరగును, బేరము చెడును.

"సెల్ఫ్ తీసుకొనుట లేదు" అని డ్రైవరు చెప్పును. సగము రోగనిర్ణయము ఆ మాటలోనే యున్నది. ఇంజను తిరుగుచు రగులుకొనకున్నచో డీజిలు గొట్టములలో గాలి చొరబడినదేమో చూడవలెను. అసలు తిరుగకున్నచో విద్యుత్తు త్రోవను వెదకవలెను. ఈ భేదము గమనింపకయే పలువురు క్రొత్త బ్యాటరీ కొందురు. వేల రూపాయలు పోవును, జబ్బు పోదు.

నిండు బ్యాటరీకి మీటరు 12.6 వోల్టులు చూపును. అది చూచి సంతోషింపరాదు. స్టార్టరు మోటారు లాగు విద్యుత్తు 200 ఆంపియర్ల వరకు ఉండవచ్చును. చేపల పెట్టెల నీరు కారి తుప్పు పట్టిన ఎర్తు బిగింపులో ఓములో నూరవ వంతు నిరోధమున్నను, 1827లో ఓమ్ ప్రకటించిన సూత్రము చొప్పున 2 వోల్టులు అచ్చటనే హరించిపోవును. అదే తీగకు చిన్న బల్బు తగిలించినచో చక్కగా వెలుగును! ఒక ఆంపియరు పారునపుడు నష్టము వోల్టులో నూరవ వంతు మాత్రమే గదా. వేడికి రాగి నిరోధము పెరుగుట వేరొక చిక్కు. 50 డిగ్రీల వేడిమికి సుమారు అయిదవ వంతు హెచ్చును.

కావున బండి మొరాయించిన క్షణముననే పరీక్షింపవలెను. గేరు న్యూట్రలులో నుంచి, మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివు ధ్రువముపైనను, రెండవ కొనను ఇంజను లోహముపైనను ఆనించి, మరియొకరిచే తాళము త్రిప్పింపవలెను. అర వోల్టు మించినచో దోషము ఎర్తుదే. పాజిటివు తీగను గూడ అట్లే చూడవలెను. రెంటను ఏ నష్టమును లేక, బ్యాటరీ వోల్టేజియు తగ్గక, 'టక్'మను చప్పుడు మాత్రము వచ్చుచున్నచో విద్యుత్తు మోటారులో పారుటయే లేదన్నమాట; సొలినాయిడ్ లోపలి రాగి ముక్కలో, మోటారు బ్రష్షులో అరిగియుండును.

ఎర్తు దోషమైనచో ఒక స్పానరు, ఒక గరుకు కాగితము చాలును. తుప్పు గీకి, లోహము మెరయునట్లు చేసి, గట్టిగా బిగింపవలెను. పిదప బండిని వేడెక్కువరకు నడిపి, ఆపి, మరల మీటరు పెట్టి చూడవలెను.